గినీ పిగ్‌కు విదేశీ గడ్డే కావాలా? పొలం గట్టు మీద గరిక సరిపోతుంది

పిల్లలు ముచ్చటపడ్డారని గినీ పిగ్‌ల జతను ఇంటికి తెస్తే మొదట్లో ఖర్చు పెద్దగా తెలియదు. బరువంతా తర్వాత మేత దగ్గర పడుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే టిమోతీ గడ్డి ఎక్కువగా విదేశాల నుంచి వచ్చేదే, కిలోకు వందల రూపాయలు పెట్టాలి. బందరు, గుడివాడ ఊరి చివరకు వెళ్తే ఎటు చూసినా గడ్డివాములే. ఇంత గడ్డి ఉండగా అంత డబ్బెందుకు అనిపించడం సహజం. అయితే ఏ గడ్డి పడితే ఆ గడ్డి పెట్టినా, ఒక్క రోజులో మార్చేసినా ఆ చిన్న ప్రాణానికే ముప్పు.

పేరులో పిగ్ ఉందని కొన్ని ఇళ్లలో పెద్దలు అభ్యంతరం చెబుతారు. నిజానికి ఇది పంది కాదు. ఎలుక, ఉడుతల్లాంటి కొరికే జంతువు, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల ప్రాంతానిది. దీని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచున్న గడ్డి రోజంతా నమిలితేనే అవి అరుగుతాయి, పేగులూ కదులుతాయి. అందుకే మేతలో ఎనభై శాతం దాకా ఎండు గడ్డే ఉండాలి.

డెల్టాలో దొరికేవాటిలో ఏది పనికొస్తుంది?

వరిగడ్డిలో ప్రొటీన్ మూడు నాలుగు శాతానికి మించదు, సిలికా ఎక్కువ. గేదెలు అరిగించుకుంటాయి గానీ గినీ పిగ్‌కు అదొక్కటే పెడితే చిక్కిపోతుంది. కింద పరుపులా వేయడానికి మాత్రం బాగుంటుంది.

వరి తర్వాత వేసే పిల్లిపెసర, మినుము, పెసర కట్టెలో పోషకాలు ఎక్కువే, కాల్షియం కూడా ఎక్కువే. పెద్ద గినీ పిగ్‌కు రోజూ పెడితే మూత్రంలో రాళ్లు రావచ్చు. ఎప్పుడైనా ఒక గుప్పెడు చాలు. జనుము గింజల్లో కాలేయానికి హాని చేసే పదార్థాలుంటాయి, దాని జోలికి పోకపోవడమే మేలు. నేపియర్‌లో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి అదొక్కటే మేతగా పనికిరాదు.

మిగిలింది గరిక. రైతు కలుపని పీకి పారేసే ఈ గడ్డినే అమెరికాలో బెర్ముడా గడ్డి అంటారు, ఎండబెట్టి పశువులకూ పెంపుడు జంతువులకూ మేతగా అమ్ముతారు. పీచులోనూ ప్రొటీన్‌లోనూ టిమోతీకి దగ్గరగా ఉంటుంది. ఉప్పు నేలను కూడా తట్టుకుంటుంది కాబట్టి దివిసీమ వైపు కూడా దొరుకుతుంది.

కోసేటప్పుడు, ఎండబెట్టేటప్పుడు

మందు కొట్టిన పొలం గట్టు మీద, రోడ్డు పక్కన, కుక్కలు తిరిగే చోట కోయొద్దు. కలుపు మందు ఎప్పుడు కొట్టారో రైతును అడిగి తెలుసుకోవాలి. కంకి వేసే ముందే కోసి, పల్చగా పరిచి, రెండు మూడు రోజులు తిప్పుతూ ఆరబెట్టాలి. మెలిపెడితే కాడ పుటుక్కున విరగాలి. నాలుగు కిలోల పచ్చి గడ్డి ఎండితే సుమారు కిలో అవుతుంది. సముద్రపు గాలికి తేమ త్వరగా పడుతుంది, అందుకని పాలిథిన్ కవర్లో కాకుండా గోనె సంచిలో, నేలకు తగలకుండా పెట్టాలి. బూజు వాసన వస్తే మొత్తం పారేయాలి.

మార్చడానికి రెండు వారాలు

మొదటి మూడు నాలుగు రోజులు పాత గడ్డి మూడొంతులు, గరిక ఒక వంతు. తర్వాత సగం సగం. ఆ తర్వాత గరిక మూడొంతులు. రెండో వారం చివరికి పూర్తిగా గరిక. రెండు గడ్డులనూ ఒకే సంచిలో రాత్రంతా కలిపి ఉంచితే వాసన కలిసిపోతుంది, జంతువు సులువుగా ముట్టుకుంటుంది. వదిలేస్తుంటే ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. ఆకలైతే అదే తింటుందిలే అని పస్తు పెట్టొద్దు. పూట గడిచినా తినకపోయినా, పెంటికలు తగ్గినా, చిన్నవైపోయినా ప్రమాదమే.

వారానికోసారి వంటింటి త్రాసు మీద బరువు చూసి రాసుకోవాలి. యాభై గ్రాములు తగ్గితే జాగ్రత్త పడాలి. అంతకు మించి తగ్గినా, తినడం మానేసినా వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

ఇంకో మాట. మనుషుల్లాగే గినీ పిగ్ శరీరం కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, ఎండు గడ్డిలో అది దాదాపు ఉండదు. గడ్డి మీద మిగిలిన డబ్బులో కొంత క్యాప్సికం ముక్కకో, కొత్తిమీరకో, జామ ముక్కకో కేటాయించాలి. వానాకాలం మొదలయ్యే లోపు రెండు నెలలకు సరిపడా గరిక ఎండబెట్టుకుంటే, వానల్లో మళ్లీ ఖరీదైన ప్యాకెట్ కోసం పరుగెత్తే పని ఉండదు.