దూరదర్శన్ చరిత్రయు ప్రవాసాంధ్రుల భాషయు

దూరదర్శన్ చరిత్ర వ్రాయువారు సాధారణంగా ఢిల్లీతో ప్రారంభింతురు. 1959 సెప్టెంబరు 15న ఆకాశవాణి భవనంలో ఒక చిన్న ట్రాన్స్‌మిటరుతో, తాత్కాలికమైన స్టూడియోతో ప్రయోగ ప్రసారం మొదలైనది. 1965లో అది నిత్యప్రసారమైనది. 1972లో బొంబాయి కేంద్రం ఏర్పడినది. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణి నుండి విడివడి వేరు సంస్థ అయినది. ఈ క్రమం సత్యమే. కాని కోహ్కాలో కూర్చుండి ఈ చరిత్రను చదువు తెలుగువానికి మరియొక ప్రశ్న తోచును: ఈ యంత్రం ఏ ఊర ఏ భాష పలుకవలెనో నిర్ణయించినదేది? ప్రభుత్వ విధానమని కొందరందురు, జనసంఖ్య అని కొందరందురు. ఈ రెండింటికంటె ప్రసార సాధనమునకే ఇందులో ఎక్కువ పాలు కలదని నా అభిప్రాయం.

కోహ్కా దుర్గ్ జిల్లాలో, భిలాయి ఉక్కు నగరంలో ఒక భాగం. అచ్చటి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరిలో, అనగా ఢిల్లీ టెలివిజనుకు ఏడు నెలలు ముందుగా, ప్రారంభించినారు. శ్రీకాకుళం, విశాఖపట్టణం జిల్లాల నుండి పని వెదకికొనుచు వచ్చిన కుటుంబాలు ఇచ్చట స్థిరపడినవి. ఇంటిలో ఉత్తరాంధ్ర మాండలికం, కర్మాగారంలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ. దినమునకు మూడు భాషలు మారుట వీరికి వింత కాదు.

1969లో భారత అణుశక్తి శాఖకును అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకును ఒక ఒడంబడిక కుదిరినది. దాని ఫలితమే 'సైట్' అని పేరుపడిన ఉపగ్రహ బోధన ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు, ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందినవి. పది అడుగుల వెడల్పున తీగవల అల్లిన గొడుగు వంటి ఆంటెన్నా, దాని క్రింద ఊరందరికి ఒకే పెట్టె. వ్యవసాయం, ఆరోగ్యం, బడిపిల్లల పాఠాలు అందులోని విషయాలు. భాషలు నాలుగు: హిందీ, ఒరియా, కన్నడం, తెలుగు. ఒకే చిత్రంతోపాటు రెండు ధ్వనులను పంపు ఏర్పాటు కూడ అందు కలదు; అనగా బొమ్మ ఒక్కటే, మాట రెండు భాషలలో.

అనువాదకునికి ఇది సామాన్య విషయం కాదు. గ్రంథానువాదంలో వాక్యం కొంత సాగినను పాఠకుడు క్షమించును, బొమ్మ క్షమింపదు. ఇంగ్లీషు వ్రాతప్రతిని తెనిగించినపుడు మన క్రియ వాక్యం చివరకు పోవును గనుక, రైతు విత్తు చల్లి చేతులు దులుపుకొన్న పిమ్మట 'చల్లుచున్నాడు' అను మాట వినబడును. అందుచేత వాక్యమును రెండుగా విరువవలెను, సమాసమును విడువవలెను. తెలుగు, కన్నడముల వాక్యనిర్మాణం ఒకే తీరుది గనుక ఆ రెండింటికి ఒక బొమ్మ చాలుట అంత కష్టం కాదు.

ఆ సంవత్సరం కర్నూలు, మహబూబ్‌నగరు, మెదకు, హైదరాబాదు జిల్లాల పల్లెలు తెలుగు వినినవి. మన రాయపూరు, బిలాస్‌పూరు, దుర్గ్ జిల్లాల పల్లెలు హిందీ వినినవి. ఇచ్చటి పల్లెల ఇంటిభాష ఛత్తీస్‌గఢీ అను మాట మరువరాదు. ప్రసార భాషకును వినువాని భాషకును ఎడము మనకొక్కరికే కాదు. విశేషమేమనగా, ఉపగ్రహ కిరణమునకు జిల్లా సరిహద్దు లేదు. తెలుగు పలుకు దుర్గ్ జిల్లా మీదను కురిసినది. దానిని పట్టు గొడుగు తెలుగువాని వాడలో లేదు, అంతే.

ఉపగ్రహం మరలిపోయిన తరువాత నేలమీది శిఖరాలు వచ్చినవి. 1977లో రాయపూరున, హైదరాబాదున ట్రాన్స్‌మిటర్లు నెలకొన్నవి. హైదరాబాదు కేంద్రం ఆ యేటి అక్టోబరు 23న మొదలైనది. టెలివిజను తరంగం ఇంచుమించు సూటిగా పోవును. భూమి వంపు దాటిన పిమ్మట అందదు. కనుక శిఖరం ఒక ప్రాంతమునకు చెందును, ప్రాంతమునకు ఒక భాష చెందును. భిలాయికి దగ్గరగా ఉన్నది రాయపూరు శిఖరం. 1982 ఆగస్టు 15 నుండి జాతీయ కార్యక్రమం, దానితో రంగులు వచ్చినవి. 1984లో 'హమ్ లోగ్', 1987లో 'రామాయణ్' వచ్చినవి. ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ చిత్రాల వరుసలో తెలుగునకు వంతు వచ్చినపుడు మాత్రం ఇరుగుపొరుగు తెలుగువారందరు ఒక ఇంట చేరెడివారు. శిఖరముల యుగంలో మనకు దక్కినది అంతే.

తెలుగు తిరిగి వచ్చినది మరల ఆకాశం నుండియే. 1990ల దశకంలో దూరదర్శన్ ప్రాంతీయ భాషా ప్రసారాలు, 1995లో ఈటీవీ వంటి ప్రైవేటు ప్రసారాలు ఉపగ్రహం ద్వారా వచ్చినవి. 1997లో ప్రసార భారతి ఏర్పడినది. 2004లో దూరదర్శన్ ఉచిత డిష్ సేవ ఆరంభించినది. 2014లో రాష్ట్రం రెండైనపుడు యాదగిరి, సప్తగిరి అని రెండు తెలుగు ప్రసారాలైనవి. హద్దు దాటిన తెలుగు శ్రోతను పరిపాలన గుర్తించినను గుర్తింపకపోయినను, కిరణం గుర్తించినది.

అయితే నడుమ గడచిన పదునైదేండ్లకు పైబడిన కాలం వట్టిగా పోలేదు. ఆ కాలంలో పెరిగినవారు తెలుగు విందురు, పలుకుదురు, చదువలేరు. పెట్టెలో వినబడు తెలుగు వారి అమ్మమ్మ మాటలాడిన సిక్కోలు తెలుగూ కాదు. రచయితలు దీనిని గమనింపవలెను. మన పుస్తకములు చేరని చోటికి మన ధ్వని చేరుచున్నది. ఇటీవల ఇచ్చట ఒక చిన్న సభలో ఒక యువతి తాను వ్రాసిన కథ చదివినది. చక్కని తెలుగు, రెండు మూడు పలుకుబళ్లు నేను నా చిన్ననాట మాత్రమే వినినవి. సభానంతరం ప్రతి చూపుమని అడిగితిని. ఆ కథ మొదటి నుండి చివరి వరకు నాగరి లిపిలో ఉన్నది.