పోయిన పాట, మిగిలిన పువ్వు

పెరటిలోని మందారపు కొమ్మను విరిచి తడిమట్టిలో నాటిన నది చిగిర్చుట మనమెల్లరము చూచినదే. అట్టి మందారజాతిలోనే యొకటి యడవిలో నశించు స్థితికి వచ్చినదన్న మీకు వింతగా తోచవచ్చును. ఆ పువ్వు కథకు ముందు ఆ సీమదే యైన యొక పిట్ట కథ చెప్పవలసియున్నది.

పసిఫిక్ మహాసముద్రములో అమెరికాకు చెందిన హవాయి ద్వీపములు కలవు. వానిలో కవాయి యను దీవియందు 'ఓఓ' యను తేనెపిట్ట యుండెడిది. జానెడు పొడవు, నల్లని మేను, కాళ్లపై పసుపుపచ్చని ఈకలు. ఆడుపక్షియు మగపక్షియు రెండును పాడెడివి. పరదేశపు ఓడలతో వచ్చిన దోమలు పక్షులకు చలిజ్వరము నంటించినవి; ఎలుకలు గ్రుడ్లను తినివేసినవి. పిట్టలు కొండమీది అలకాయి చిత్తడి యడవికి చేరినవి. 1981లో అచ్చట ఒక్క జంట మాత్రమే కనబడెను. 1982 నాటి తుపాను తరువాత ఆడుపక్షి జాడ లేదు. ఒంటరి మగపక్షి పాట కడపట వినబడినది 1987లో. ఆ జాతి యంతరించినదని 2023లో ప్రభుత్వమువారు ప్రకటించిరి.

ఇక పువ్వు. హవాయివారు 'మావో హౌ హెలె' యని పిలుచు పచ్చమందారమును 1988లో తమ రాష్ట్రపుష్పముగా నెన్నుకొనిరి. ఆరేండ్లకే, 1994లో, అది ప్రమాదములోనున్న మొక్కల పట్టికలో చేరినది! మేకలు, పశువులు, జింకలు దానిని మేయును. పరదేశపు గడ్డి దాని చోటు నాక్రమించును. ఆ గడ్డి కార్చిచ్చునకు ఆహారమై మొక్కను కాల్చును.

రెంటికిని కీడు వెలుపలినుండియే వచ్చినది. భేద మొక్కటే. పిట్ట పాటను యంత్రములో పట్టియుంచిరి. దానిని మేము వింటిమి, మనసు కలగెను. ఆ పాటకు బదులు పలుకు పక్షి లేదు, గ్రుడ్డు పెట్టునదియు లేదు. పచ్చమందారమునకో, విత్తనము లింకను చేతనున్నవి. విత్తవచ్చును, కంచె వేయవచ్చును. తోటలలో పెంచుచునే యున్నారు. అయినను తోటలో పూచినంత మాత్రమున అడవి మొక్క బ్రతికినట్లు కాదు. దాని కొండవాలు దానికి దక్కవలెను.

ఒక్కటి మిగిలిన పిమ్మట ఎంత ప్రేమించినను ఫలము లేదని ఆ పిట్ట మనకు తెలిపినది. కొన్ని మిగిలియుండగనే కాపాడవలెను. రేపు పూజకు మందారములు కోయునపుడు మీ పిల్లలను చెంత కూర్చుండబెట్టుకొని ఈ రెండు కథలును చెప్పుడని మా కోరిక.