రేకుల వంటింటికి వెండి గొడుగు

ఎండాకాలం మధ్యాహ్నం ఇంట్లో అందరికీ ఏదో ఒక చల్లని మూల దొరుకుతుంది. ఆయన హాల్లో కూలర్ ముందు కూర్చుంటారు. పిల్లలు మంచం ఫ్యాను కిందికి లాక్కుంటారు. అత్తమ్మ వేపచెట్టు నీడ చూసుకుంటుంది. మరి వంటింట్లో నిలబడే మీకు? ఫ్యాను వేస్తే స్టవ్వు మంట రెపరెపలాడి ఆరిపోతుంది. కూలర్ పెడదామంటే మొదట మంటకే తగులుతుంది. అందుకే వంటింటి వేడికి మందు వెయ్యాలంటే కప్పుకే వెయ్యాలి.

నర్సంపేట వైపు చాలా ఇళ్లు చూడండి. ముందు రెండు గదులకు స్లాబు ఉంటుంది. వెనక వసారా దించి రేకులు వేస్తారు. అదే వంటిల్లు! చేతిలో నాలుగు డబ్బులు ఆడితే దానికీ స్లాబు పోద్దామనుకుంటారు. మిర్చి పంట డబ్బు వస్తుంది, పిల్లల ఫీజులకో పెళ్లికో పోతుంది, రేకులు రేకులుగానే ఉంటాయి. మే నెలలో బయట ఎండ 42, 43 డిగ్రీలు ఉంటే, ఆ సిమెంటు రేకు కాలి 60 డిగ్రీలు దాటడం మామూలే. కింద స్టవ్వు, పైన రేకు. రెండు పొయ్యిల మధ్య నిలబడి మనం పప్పు తాలింపు పెడుతుంటాం.

పూర్వం ఇలా ఉండేది కాదు. గూన పెంకుల ఇళ్లలో పెంకు మీద పెంకు, మధ్యలో గాలి ఉండేది. దాని కింద అటక. అటక మీద కట్టెలు, ధాన్యం గాబులు, పండక్కి మాత్రమే దించే పెద్ద గిన్నెలు. పైన కాలే వేడి ఆ అటక దగ్గరే ఆగిపోయేది. కోతుల బాధకు, వానకు కురుస్తున్నాయని పెంకులు తీసి రేకులు వేసుకున్నాం. దాంతో అటక కూడా పోయింది. ఇప్పుడు కాలే కప్పుకీ మన నెత్తికీ మధ్య అడ్డం ఏమీ లేదు.

ఇస్త్రీపెట్టెతో ఒక పరీక్ష

ఇదేదో పెద్ద సైన్సు అనుకోకండి. ఇస్త్రీపెట్టె వేడెక్కాక నిలబెట్టి, దాని ముందు జానెడు దూరంలో అరచెయ్యి పెట్టండి. తగలకపోయినా చెయ్యి చురుక్కుమంటుంది కదా! ఆ వేడి గాలిలో కొట్టుకొచ్చింది కాదు. ఎండ లాగే కిరణాలుగా నేరుగా వచ్చింది. ఇప్పుడు చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ ముక్క, పెట్టెకు ఆనకుండా, మధ్యలో అడ్డం పెట్టండి. చురుకు టక్కున ఆగిపోతుంది. మెరిసే అల్యూమినియం తన మీద పడ్డ వేడి కిరణాల్లో 95 శాతం దాకా వెనక్కి కొట్టేస్తుంది. తను కాస్త వేడెక్కినా ఆ వేడిని కిందికి వదిలేది బహు తక్కువ. సిమెంటు రేకు దీనికి పూర్తిగా ఎదురు. తాగిన వేడినంతా మన మీదే కుమ్మరిస్తుంది.

థర్మాస్ ఫ్లాస్కు లోపలి గాజు అద్దంలా మెరిసేది ఇందుకే. శ్రీహరికోట నుంచి పంపే ఉపగ్రహాలకు బంగారు కాగితంలాంటిది చుట్టి ఉండటం ఫోటోల్లో చూసే ఉంటారు. అదీ ఈ పనికే. ఇంటి కప్పు కింద దీన్ని కడితే రేడియంట్ బారియర్ అంటారు. అమెరికాలో ఎండ ఎక్కువగా ఉండే చోట్ల అటకల్లో దీన్ని కట్టుకుంటే చల్లదనానికయ్యే ఖర్చు 5 నుంచి 10 శాతం తగ్గుతుందని అక్కడి ప్రభుత్వ ఇంధన శాఖే చెబుతుంది. ఏసీ లేని మన వంటింట్లో తగ్గేది కరెంటు బిల్లు కాదు, నెత్తి మాడటం.

అంత దూరం ఎందుకు, మన కోళ్ల ఫారాల వాళ్లను అడగండి. వేసవిలో కోళ్లు చచ్చిపోతాయని రేకుల మీద తెల్ల సున్నం కొడతారు, గడ్డి పరుస్తారు, నీళ్లు చల్లిస్తారు. కోడికి చేసే మర్యాద ఇంటి ఇల్లాలికి చెయ్యకపోతే ఎలా?

కొనేటప్పుడు, కట్టేటప్పుడు

హార్డ్‌వేర్ షాపుల్లో దీన్ని ఇన్సులేషన్ షీటు అనో, బబుల్ షీటు అనో అడిగితే ఇస్తారు. మధ్యలో గాలి బుడగల ప్లాస్టిక్కు, పైన అల్యూమినియం పొర ఉంటుంది. చుట్టల్లో అమ్ముతారు. రెండు వైపులా మెరిసేదే తీసుకోండి.

కట్టడంలోనే ఉంది కిటుకంతా. షీటును రేకుకు అంటించేస్తే డబ్బు దండగ. వేడి పెనాన్ని స్టీలు పట్టకారుతో పట్టుకుంటే ఏమవుతుంది? వేడి పాకి చేతికొస్తుంది. ఇదీ అంతే. రేకుకీ షీటుకీ మధ్య కనీసం అంగుళం ఖాళీ ఉండాలి, నాలుగు అంగుళాలుంటే మరీ మంచిది. రేకులు ఆనే దూలాల అడుగున తీగె లాగి, దాని మీద షీటు పరిస్తే ఆ ఖాళీ దానంతటదే వస్తుంది. రెండు చివర్లా చూరు దగ్గర గాలి ఆడేలా సందు వదిలితే మధ్యలో చిక్కిన వేడిగాలి బయటికి పోతుంది.

మెరుపు ఉన్నంత వరకే దీని పని. పైవైపు మెల్లగా దుమ్ము పడుతుంది, దానికి మనం చేయగలిగింది లేదు. కింది వైపు వంటింటి జిడ్డు పడుతుంది. నెలకోసారి తడిగుడ్డతో తుడిస్తే చాలు. గీకి తోమకండి.

రెండు జాగ్రత్తలు మాత్రం మరవద్దు. ఇందులో ప్లాస్టిక్కు ఉంది కాబట్టి సరిగ్గా స్టవ్వు పైన వచ్చే భాగంలో కట్టొద్దు. చవకని థర్మోకోల్ కట్టించుకునేవాళ్లూ ఉన్నారు, అది మంట అంటుకుంటే ఒక్క క్షణం ఆగదు. రెండోది కరెంటు. అల్యూమినియంలో కరెంటు పారుతుంది. తోలు ఊడిన వైర్లు ఉంటే ముందు అవి బాగు చేయించి, మెయిన్ ఆపి, ఆ తర్వాతే షీటు కట్టించండి.

పాత సిమెంటు రేకులకు మేకులు కొట్టించొద్దు, రంధ్రాలు వేయించొద్దు. మన దగ్గర వాటిలో ఎక్కువ భాగం ఆస్‌బెస్టాస్ రేకులే. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది.

పైన తెలుపు

షీటుకు ఇప్పుడే డబ్బు లేదంటారా? అయితే సున్నంతో మొదలుపెట్టండి. నిజానికి రెండూ చేస్తేనే మేలు. పైన తెలుపు ఎండను దిగనివ్వదు, దిగిన కాస్త వేడినీ కింద మెరుపు ఆపుతుంది. హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 2017లో 25 పేదల ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూశారు. లోపలి గాలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండేనా అని పెదవి విరవకండి. ఒంటికి 37 డిగ్రీలుండటానికీ 39 ఉండటానికీ తేడా జ్వరం వచ్చినవాళ్లను అడగాలి.

రాళ్ల సున్నం ముందురోజే నానబెట్టండి. నీళ్లలో సున్నం వెయ్యాలి గానీ సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు, కుతకుత ఉడికి మీద పడుతుంది. ప్లాస్టిక్ బకెట్టు కరిగిపోతుంది కనుక ఇనుప డ్రమ్ము వాడండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పాత చీర ముక్కతో వడకట్టి, అంటుకోవడానికి కొంచెం ఫెవికాల్ కలిపి, రేకును తడిపి చల్లపూట రెండుసార్లు పూయించండి. వానాకాలానికి చాలావరకు కడుక్కుపోతుంది, ప్రతి ఏడూ వెయ్యాల్సిందే. రేకుల మీద నేరుగా కాలు పెట్టనివ్వకండి. విరిగి కింద పడి నడుములు విరగ్గొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. దూలాల మీదికి వచ్చేలా బల్ల వేసుకోవాలి, లేదా నిచ్చెన మీంచి పొడుగు కర్రకు కుంచె కట్టి పూయాలి. ఇనుప రేకులకు సున్నం నిలవదు, తెల్ల రంగే వెయ్యాలి. కొత్తగా కొనేవాళ్లు ఆ నీలం, ఎరుపు రేకుల మోజు వదిలి తెల్లవి అడగండి.

స్లాబు ఇళ్లవాళ్లు ఇది మనకు కాదనుకోవద్దు. రేకు పొద్దుగూకగానే చల్లబడుతుంది. స్లాబు పగలంతా వేడి దాచుకుని రాత్రి మనం పడుకున్నాక వదులుతుంది. డాబా మీద తెల్లగా వేయిస్తే ఆ రాత్రి ఉక్క తగ్గుతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి అన్నారు, అంతకు లోపయితే మన ఇష్టం. నూటయాభై గజాల్లో కట్టుకున్న రేకుల వంటిల్లు చూడ్డానికి ఏ ఆఫీసరూ రాడు. 2015 మే నెలలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా పోయారు. వడదెబ్బ ఎండలో తిరిగేవాళ్లకే తగులుతుందనుకుంటాం గానీ, గాలి ఆడని రేకుల గదిలోనూ తగులుతుంది. పొయ్యి దగ్గర కళ్లు తిరిగి, ఒళ్లు కాలుతూ, మాట తడబడితే అది నీరసం కాదు. వెంటనే బయట నీడకు తెచ్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఈ పనులకు శివరాత్రి దాటగానే మేస్త్రీని పిలవండి. రోహిణి కార్తె దాకా ఆగితే, కాలుతున్న ఆ రేకుల మీదికి ఎక్కడానికి ఎవరూ ఒప్పుకోరు. ఆయన గొణిగితే ఒక్క మధ్యాహ్నం పన్నెండింటికి వంటింట్లో పీట వేసి అన్నం వడ్డించండి. తినేలోపే మేస్త్రీ ఫోన్ నంబరు వెతుకుతారు!