క్యాంపు కాపురానికీ ఒక సెలవు రోజు

రోడ్డు పనుల్లో ఉన్న మగవాళ్ళకు నెలకొక రోజు ఖాయంగా సెలవు దొరుకుతుంది. అది అమావాస్య. ఆ రోజు మిషన్లు కదలవు, కంకర టిప్పర్లు రావు. డ్రైవర్లు బండి కడిగి, నిమ్మకాయలు కట్టి, మధ్యాహ్నం దాకా నిద్రపోతారు. మరి వాళ్ళ ఆడవాళ్ళకు? ఆ రోజే దుప్పట్లన్నీ ఉతకాలి, ఆ రోజే కోడికూర వండాలి, ఆ రోజే ఆయన స్నేహితులు నలుగురు భోజనానికొస్తారు. మామూలు రోజుకంటే రెండింతల పని. ఇది చదువుతున్న మీలో చాలామందికి క్యాంపు కాపురం తెలియకపోవచ్చు గానీ, ఆదివారం అంటే ఏమిటో మీకూ తెలుసు కదా!

మావారు గ్రేడర్ ఆపరేటర్. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో పదకొండు చోట్ల కాపురం పెట్టాను. పిల్లలు మా అమ్మ దగ్గరుండి చదువుకున్నారు. మాలాగ తిరిగే ఆడవాళ్ళను 'ఫలానా ఊరు ఎలా ఉంటుంది' అని అడిగి చూడండి. నీళ్ళ ట్యాంకర్ ఎన్నింటికొచ్చేదో, కరెంటు ఎప్పుడు పోయేదో, కిరాణా కొట్టు ఎంత దూరమో చెబుతారు. ఊరు మాత్రం చూసి ఉండరు.

వికారాబాద్‌కీ తాండూరుకీ మధ్య రేకుల షెడ్డులోకి వచ్చి ఎనిమిది నెలలయింది. వచ్చిన రెండో నెలలోనే మావారితో ఒక మాట అనుకున్నాను. అమావాస్య నాడు పగలంతా నా పొయ్యికీ సెలవే. తెల్లారేసరికి కట్టుకున్నదే ఆ పూట తిండి, ఎనిమిదింటికల్లా షెడ్డుకు తాళం. "నెలకొక్క రోజయినా పడుకోనివ్వవా?" అన్నారు. "మీరు పడుకోండి, నేను వెళ్ళొస్తాను" అన్నాను. గొణుక్కుంటూనే వచ్చారు. మా అత్తగారేమో ఫోనులో "అమావాస్య నాడు ప్రయాణమేమిటే?" అన్నారు. "పౌర్ణమికి సెలవిమ్మని కాంట్రాక్టరుకు మీరే చెప్పండి అత్తమ్మా" అన్నాను. ఆవిడ కూడా నవ్వేశారు.

ముందు తిండి సంగతి. ముందురోజు రాత్రే జొన్నరొట్టెలు కాస్త ఎక్కువసేపు కాల్చి గుడ్డలో చుట్టి పెడతాను. మెత్తగా చేస్తే మధ్యాహ్నానికి సాగుతాయి. వాటిలోకి కందిపొడి. ఒక గ్లాసు కందిపప్పు సన్నటి సెగ మీద ఎర్రగా వేయించి, అదే మూకుట్లో ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర వేయించుకోండి. చల్లారాక ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి మరీ మెత్తగా కాకుండా పొడి కొట్టండి. నెల రోజులు నిలవ ఉంటుంది. పెరుగన్నం పట్టుకెళ్ళాలంటే పెరుగుతో కలపొద్దు. వేడన్నంలో కాచిన పాలు పోసి మెదిపి, గోరువెచ్చగా అయ్యాక ఒక్క చెంచా పెరుగు కలిపితే, తినే వేళకు కమ్మగా తోడుకుంటుంది. ఏది పట్టుకెళ్ళినా గుడ్డ సంచీలోనే పెట్టండి. అనంతగిరి కోతులకు ప్లాస్టిక్ కవరు చప్పుడు వినబడితే చాలు, మీ చేతిలో ఉండనివ్వవు.

అనంతగిరి వికారాబాద్‌కు ఆరు కిలోమీటర్లే. మా వైపు పల్లెల్లో నా చిన్నప్పుడు 'వికారాబాద్ పంపించారట' అంటే గొంతు తగ్గించి చెప్పుకునేవారు. అంటే ఆ మనిషికి టీబీ అని అర్థం. ఈ కొండల గాలి మంచిదని నిజాం కాలంలోనే ఇక్కడ క్షయ ఆసుపత్రి పెట్టారు. మందులు సరిగా లేని ఆ రోజుల్లో గాలే మందు. ఇప్పుడదే గాలి కోసం హైదరాబాద్ నుంచి శనాదివారాలు కార్లు బారులు తీరుతున్నాయి. వీలయితే ఆ రెండు రోజులూ వెళ్ళకండి. మాలాగ మామూలు రోజు వెళితే అడవి అడవిలాగే ఉంటుంది.

అనంత పద్మనాభస్వామి గుడిలో స్వామి సాలగ్రామ రూపంలో ఉంటాడు. మార్కండేయ మహర్షి తపస్సు చేసిన చోటని చెబుతారు. కార్తీకమాసంలో పెద్ద జాతర జరుగుతుంది. దర్శనమయ్యాక మెట్లు దిగి కోనేరు దగ్గరకెళ్ళాం. మూసీనది పుట్టేది ఈ కొండల్లోనే.

అక్కడ నాకు కాళ్ళు కదలలేదంటే నమ్మండి. మా పుట్టిల్లు మిర్యాలగూడ వైపు. మూసీ వెళ్ళి కృష్ణలో కలిసే వాడపల్లి మాకు దగ్గర. పుష్కరాలకూ, అస్థికలు కలపడానికీ అక్కడికే వెళతాం. మా నాన్నను కలిపిందీ అక్కడే. మూసీ అంటే నాకు తెలిసింది ఆ చివరి నీళ్ళే. హైదరాబాద్ మురికంతా మోసుకొచ్చి, నురగలు కక్కుతూ, ముక్కు మూసుకునేలా చేసే నీళ్ళు. 1908 సెప్టెంబరులో హైదరాబాద్‌ను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్నదీ ఈ నదే. ఆ వరద తర్వాతే గండిపేట చెరువు కట్టారు. ఇక్కడ చూస్తే, చెట్ల వేళ్ళ మధ్య నుంచి చప్పుడు లేకుండా జారే సన్నటి ధార. దోసిట్లో పట్టుకున్నాను. మావారు పక్కన నిలబడి "మీ నాన్న దగ్గరికే పోతాయి ఇవి" అన్నారు. ఆయన అలాంటి మాటలు మాట్లాడే మనిషి కాదు. ఇరవై మూడేళ్ళలో అదే మొదటిసారి విన్నాను.

ఈ జిల్లాలో ఇంకో విశేషముంది. మూసీ తూర్పుకు పారితే, తాండూరు పక్కనుంచి పోయే కాగ్నా నది పడమటికి పారి కర్ణాటకలో భీమలో కలుస్తుంది. ఆ భీమ రాయచూరు వైపున కృష్ణలో కలుస్తుంది. ఒకే జిల్లాలో కురిసిన వాన, వెన్నులు తిప్పుకున్న అక్కచెల్లెళ్ళలా చెరో దిక్కూ పోయి, చివరికి ఒకే నదిలో చేరుతుందన్నమాట.

మాతో ఆ రోజు పక్క షెడ్డు ఒడిశా అమ్మాయి కూడా వచ్చింది. పెళ్ళయి ఏడాది. క్యాంపు దాటి బయటకు రావడం అదే మొదలు. కోనేటి మెట్ల మీద కూర్చుని వాళ్ళమ్మకు వీడియోలో అంతా చూపించింది. బస్సులో మాత్రం చిక్కొచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు కదా, కానీ ఆధార్‌లో తెలంగాణ అడ్రసు ఉండాలి. ఆ పిల్లకు టిక్కెట్టు కొనాల్సి వచ్చింది. ఈ రాష్ట్రంలో ఎండనపడి రోడ్డు వేసేది ఆ పిల్ల పెనిమిటి!

తాండూరుకు మాత్రం నేను రైలుకే ఓటేస్తాను. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వేసిన పాత లైను ఇది, వికారాబాద్, తాండూరు రెండూ దాని మీదే ఉన్నాయి. స్టేషన్లో మనకు బాత్‌రూము కూడా ఉంటుంది, ఆడవాళ్ళ ప్రయాణంలో అది చిన్న విషయం కాదు. హైదరాబాద్–బీజాపూర్ రోడ్డంటే నాకు భయం పట్టుకుంది. 2025 నవంబరు 3న చేవెళ్ళ దగ్గర తాండూరు బస్సును కంకర టిప్పర్ గుద్దింది. చాలామంది పోయారు. ఆ వారమంతా మా క్యాంపులో ఎవరికీ అన్నం సయించలేదు. అదే రోడ్డుకు రెండు వైపులా వందల పాత మర్రిచెట్లున్నాయి. వెడల్పు పనిలో వాటిని కొట్టెయ్యొద్దని గ్రీన్ ట్రైబ్యునల్ దాకా వెళ్ళారు. రోడ్ల కూడు తినేదాన్ని, రోడ్డు వద్దనలేను. ఆ చెట్ల నీడన నడిచినదాన్ని, కొట్టెయ్యమనీ అనలేను.

తాండూరులో చూడాల్సింది గుళ్ళే కాదు. బండలు కోసి పాలిష్ పట్టే చోటికి వెళ్ళండి. నీలం, పసుపు నాపరాళ్ళు అప్పడాల్లా నిలబెట్టి ఉంటాయి. రంపం కింద నీళ్ళు పోస్తూ కోస్తుంటే తెల్లటి బురద కాలువ కడుతుంది. మూల విరిగిన పాలిష్ బండ ఒకటి చవగ్గా ఇచ్చారు. ఇటుకల మీద పరిచి షెడ్డులో వంటగట్టు చేసుకున్నాను, ఇన్నేళ్ళలో నిలబడి వండుకునే గట్టు నాకిదే మొదటిది. మీ ఇంట్లో తాండూరు బండలుంటే ఒక మాట. అది సున్నపురాయి. పులుపు తగిలితే తింటుంది. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికితే వెంటనే తుడవండి. యాసిడ్ పోసి కడిగితే మెరుపు మళ్ళీ రాదు. గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు చాలు.

వచ్చేటప్పుడు కందిపప్పు తెచ్చుకోవడం మరిచిపోకండి. 2022 డిసెంబరులో తాండూరు కందికి జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు పంటకే చెల్లుతుంది. త్వరగా ఉడుకుతుంది, ముద్దపప్పుకు దీన్ని మించింది లేదు.

కోట్‌పల్లి ప్రాజెక్టులో పడవ షికారు ఉంది. లైఫ్ జాకెట్ ఇవ్వనిదే పడవ ఎక్కకండి, ఒడ్డున నీళ్ళు నిలకడగా ఉన్నాయని పిల్లల్ని దింపకండి. నేనయితే గట్టు మీదే కూర్చున్నాను.

ఇప్పుడు మా క్యాంపులో మరో ఇద్దరు ఆడవాళ్ళు అమావాస్యకు ముందురోజే "అక్కా, రేపెక్కడికి?" అని అడుగుతున్నారు. ఒకామె పెనిమిటి నా మీద చాలా కోపంగా ఉన్నాడు, తన కోడికూర పోయిందని. పని ఇంకో రెండు నెలలుందట. అనంతగిరి కింద బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఇంకా చూడలేదు. వికారాబాద్ నుంచి బీదర్‌కు రైలుంది, పొద్దున పోయి రాత్రికి రావచ్చో లేదో మావారు కనుక్కొస్తానన్నారు.