పైన పటారం - లోన తుప్పు
పాత కారు కొనేవారు రంగు చూచి మోసపోరాదు

ఒంగోలు: గిత్తను కొనబోయే రైతు దాని నిగనిగలాడే ఒళ్ళు చూచి డబ్బు లెక్కపెట్టడు. నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. గిట్టలు పట్టి చూస్తాడు. నాలుగడుగులు నడిపించి, కుంటు ఉన్నదేమో కనిపెడతాడు. అదే రైతు పాత కారు బేరానికి వెళ్ళినప్పుడు మాత్రం రంగు, సీట్లు, ఇంజను చప్పుడు చూచి బయానా ఇచ్చివేయడం కద్దు. ఇంజను చెడితే బాగు చేయించుకోవచ్చు. బాడీ ఎముక పుచ్చితే మాత్రం డబ్బుతోపాటు ప్రాణానికీ ముప్పే.

కారుకు బలమిచ్చేది పైకి కనిపించే మడ్ గార్డులు, తలుపులు కావు. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా సాగే రేకు పెట్టెలు, కాళ్ళ కింది ఫ్లోరు, తలుపు బందులను మోసే స్తంభాలు, డిక్కీ అడుగున కమాను కట్టలను బిగించే చోట్లు, ఇవి దాని అసలు ఎముకలు. వీటిలో చాలా భాగం మూసిన గొట్టాలవలె ఉంటుంది. రెండు రేకులను అంచులు కలిపి అతికించగా ఏర్పడిన ఆ బోలు లోపలికి కన్ను పోదు, రంగు బ్రష్షు పోదు. తుప్పుకు అంతకంటే అనువైన చోటు లేదు.

ఒకే ఎముక, రెండు కార్లు

ఈ సంగతి తెలుసుకొనేందుకు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు మంచి ఉదాహరణ. బానెట్టు, మడ్ గార్డులు మొత్తం ఒక్కటిగా ముందుకు వాలే ఈ చిన్న కారు పెద్దలలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇటలీ శిల్పి జొవాన్నీ మికెలోత్తి రూపకల్పన చేయగా బ్రిటన్‌లో 1959లో ఇది బయటికి వచ్చింది. 1961 నుంచి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు మద్రాసు వద్ద తయారు చేశారు. నాలుగు తలుపుల హెరాల్డ్ ఈ దేశంలోనే తయారైంది. 1972లో దాని స్థానంలో గెజెల్ వచ్చింది.

హెరాల్డ్‌కు కింద వేరుగా ఛాసిస్ ఉంటుంది. బాడీని భాగాలుగా దానికి బోల్టులతో బిగించారు. తలుపుల కింద సాగే పక్క కమ్మీలు కూడా ఛాసిస్‌లో భాగమే. ఇదే ఛాసిస్‌ను పొట్టిగా చేసి ట్రయంఫ్ కంపెనీ 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తెచ్చింది. అది 1980 వరకు తయారైంది. అయితే స్పిట్‌ఫైర్‌లో పక్క కమ్మీలు తీసివేశారు. వాటి బరువును తలుపుల కింది రేకు పెట్టెలే మోయాలి. పైన టాపు కూడా లేని కారు కావడంతో ఆ పెట్టెలు పుచ్చితే నడుము వంగినట్లే. తలుపులు పడక గీరుకుంటాయి.

చూడటానికి ఒకే తీరు రేకు ముక్క. ఒక కారులో అది అలంకారానికి దగ్గర, మరొక కారులో వెన్నెముక. అందుచేత తుప్పు ఎంత ఉన్నదనే దానికంటే ఎక్కడ ఉన్నదనేదే ముఖ్యమని గ్రహించాలి.

పల్లెల్లో ఎక్కువగా తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లది స్పిట్‌ఫైర్ దారే. వీటికి కింద నిలువెల్లా వేరే ఛాసిస్ లేదు. బాడీయే ఛాసిస్. జీపుకు మాత్రం నిచ్చెనవంటి ఛాసిస్ ఉంటుంది. జీపు మడ్ గార్డు చిల్లుపడినా బండి నిలబడుతుంది గాని, అంబాసిడర్ ఫ్లోరు అంచు పుచ్చితే బండి బలమే తగ్గిపోతుంది.

నల్లరేగడి, ఉప్పుగాలి

ఇనుముకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. ఆ నీటిలో ఉప్పు కలిస్తే తుప్పు వేగం పెరుగుతుంది. కొత్తపట్నం వైపు తీరగ్రామాలలో సముద్రపు గాలి మోసుకువచ్చే ఉప్పు రేకుల సందుల్లో చేరుతుంది. లోపలి గ్రామాలలో పని నల్లరేగడిది. మిరప, పత్తి చేల బాటలలో చక్రాలు చిమ్మిన రేగడి మడ్ గార్డుల లోపల ముద్దలుగా అంటుకుంటుంది. పైన ఎండినట్లు కనిపించినా లోపల రోజుల తరబడి చెమ్మ నిలుస్తుంది. నీరు కారిపోయేందుకు కంపెనీవారు ఉంచిన చిన్న రంధ్రాలను ఆ మట్టే మూసివేస్తుంది.

ఎరువు బస్తాలను డిక్కీలో వేసి తీసుకుపోవడం కూడా చేటే. రాలిన గుళికలు గాలిలోని చెమ్మను పీల్చి రేకును తింటాయి. గొడ్ల సావిడిలో బండిని ఉంచినా, తడి బండిపై టార్పాలిన్ పట్టా బిగించి కప్పినా అదే ఫలితం. ఇనుము తుప్పుగా మారినప్పుడు కొన్ని రెట్లు ఉబ్బుతుంది. అందుకే అతుకుల వద్ద రంగు పొక్కులు లేస్తుంది. కారు రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరే. కనుక బయట పొక్కు కనిపించేసరికి లోపల పని చాలా వరకు అయిపోయి ఉంటుంది.

ఎలా చూడాలి

బేరానికి ముందు పగటి వెలుగులో, బండిని కడిగించి చూడటం మంచిది. ముందుగా తలుపుల సందులు చూడాలి. సందు పైన ఒక తీరుగా, కింద ఒక తీరుగా ఉంటే అనుమానించాలి. తలుపు సగం తెరిచి అంచు పట్టి పైకి ఎత్తాలి. తలుపుతోపాటు స్తంభం రేకు కూడా కదిలితే లోపల పుచ్చినట్లే.

పలుచని గుడ్డలో చిన్న అయస్కాంతాన్ని చుట్టి తలుపుల కింది భాగాన, చక్రాల చుట్టూ జరుపుతూ పోవాలి. రేకు ఉన్నచోట అంటుకుంటుంది. లప్పం దట్టంగా పెట్టిన చోట జారిపోతుంది. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టినా తెలుస్తుంది. మంచి రేకు ఖంగుమంటుంది, లప్పం బొద్దుగా పలుకుతుంది.

తరువాత ఫ్లోరు మ్యాట్లు, డిక్కీలోని స్టెపినీ ఎత్తి చూడాలి. బండి అడుగున కొత్తగా తారు పూసి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. తారు రేకును కాపాడుతుంది, పుచ్చును దాస్తుంది కూడా. ఆఖరున జాకీ పెట్టే చోట మెల్లగా ఎత్తించాలి. కరకర శబ్దం వచ్చినా, జాకీ రేకులోకి దిగినా, ఎత్తగానే తలుపు బిగుసుకుపోయినా ఆ బేరం వదులుకోవడమే మేలు. వట్టి జాకీని నమ్మి బండి కిందికి మాత్రం ఎవరూ దూరరాదు. గట్టి దిమ్మెలు పెట్టిన తరువాతే దూరాలి.

అతుకు వేస్తే చాలదు

పుచ్చిన రేకుపైన మరో రేకు పరచి నాలుగు చోట్ల వెల్డింగు చుక్కలు పెట్టడం మరమ్మతు కాదు. రెండు రేకుల మధ్య నీరు చేరి మళ్ళీ తుప్పు మొదలవుతుంది. గట్టి ఇనుము తగిలేదాకా పుచ్చును కోసివేసి, అంతే మందం గల రేకును అంచు పొడవునా అతికించాలి. కోయడానికి ముందు బాడీకి కింద ఆధారాలు పెట్టి, తలుపుల ఖాళీలో అడ్డ కమ్మీలు బిగించాలి. లేకుంటే బండి వంగిన తీరుగానే అతుక్కుపోతుంది. ఆపైన ఏ తలుపూ సరిగా పడదు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పడం, పెట్రోలు ట్యాంకు దించడం మరువరాదు.

వెల్డింగు వేడికి లోపలి రంగు కాలిపోతుంది. పని ముగిశాక రంధ్రాల గుండా తుప్పు నివారణ మైనం గాని, నూనె గాని లోపలికి చిమ్మించాలి. అది బ్రేకులకు, రబ్బరు గొట్టాలకు తగలరాదు.

చట్టం ఏమంటున్నది

సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 సంవత్సరాలకు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ జరిపి 5 సంవత్సరాలకు పొడిగిస్తారు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్ళు దాటిన వాహనాలకు వింటేజ్ హోదా ఇచ్చే నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుం 20 వేల రూపాయలు, గడువు 10 సంవత్సరాలు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజనులను పెద్దగా మార్చి ఉండరాదని షరతు ఉన్నది. తుప్పును పట్టించుకోక చివరికి బాడీనే మార్చవలసి వస్తే ఆ హోదాకే అడ్డంకి రావచ్చు. కొనేవారు ఆర్.సి.లోని ఛాసిస్ నంబరును బండిపై నంబరుతో పోల్చి చూచుకోవాలి. నంబరు చుట్టూ కోసి అతికిన గుర్తులుంటే అక్కడితో ఆగాలి.

అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయింది. హెరాల్డ్ ఆగి అర్ధశతాబ్దం దాటింది. మిగిలిన బండ్లు ఇక తగ్గేవే గాని పెరిగేవి కావు. ఏటా వానలు వెలిసిన వెంటనే మడ్ గార్డుల లోపలి రేగడిని నీటితో కడిగి, అడుగు రంధ్రాలను సన్నని తీగతో పొడిచి, బండిని గాలి ఆడేచోట ఆరబెట్టడానికి పూట చాలు. ఖర్చు ఏమీ లేదు. ఆ పూట శ్రమకు వెనుదీస్తే వచ్చే నష్టం మాత్రం బండి ధరను మించిపోవచ్చు.