శీతాకాలపు కూరగాయల ఎంపిక

శీతాకాలపు కూరగాయల ఎంపిక అనగా వానాకాలం ముగింపు నుండి వేసవి ఆరంభం వరకు పెరటి తోటలో ఏ కూరగాయలను, వాటిలో ఏ రకాలను, ఎప్పుడు వేయాలో నిర్ణయించుకోవడం. తెలుగు ప్రాంతాలలో ఈ కాలం సుమారుగా సెప్టెంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు ఉంటుంది. వ్యవసాయంలో దీనిని రబీ అని, తెలంగాణలో యాసంగి అని వ్యవహరిస్తారు. శీతల దేశాలలో మంచును తట్టుకొనే మొక్కలను ఎంచుకోవడమే ప్రధానమైన సమస్య. తెలుగు ప్రాంతాలలో సమస్య దీనికి భిన్నమైనది. ఇక్కడ చలి స్వల్పం, అది నిలిచే రోజులు కూడా తక్కువ. అందువలన రకం గానీ తేదీ గానీ తప్పితే మొక్క ఏపుగా పెరిగినా పువ్వు కట్టకపోవచ్చు, గడ్డ ఊరకపోవచ్చు. ఆ పొరపాటును సరిదిద్దుకోవడానికి మరుసటి సంవత్సరం వరకు వేచి ఉండవలసి వస్తుంది.

ప్రాంతాన్ని బట్టి చలి

తెలుగు ప్రాంతాలన్నిటిలో చలి ఒకే విధంగా ఉండదు. ఆదిలాబాదు పరిసరాలలో చలిగాలులు వీచినపుడు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటీగ్రేడు కంటే దిగువకు పడిపోతుంది. తూర్పు కనుమలలోని అరకు, చింతపల్లి, లంబసింగి ప్రాంతాలలో చలి ఇంకా తీవ్రంగా ఉంటుంది. హైదరాబాదులో జనవరి రాత్రులు సాధారణంగా 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటాయి. కోస్తా మైదానాలలో సముద్ర ప్రభావం వలన చలి మరింత తక్కువ.

వర్షం విషయంలో కూడా తేడా ఉన్నది. నెల్లూరు, తిరుపతి ప్రాంతాలకు అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వలన విస్తారంగా వర్షాలు కురుస్తాయి. కోస్తా అంతటికీ ఈ నెలలలో తుఫానుల భయం ఉంటుంది. ఇటువంటి చోట్ల దసరాకు ముందే పోసిన నారు, నీరు నిలిచి కుళ్ళిపోయే అవకాశం ఎక్కువ. అందువలన నారుమడిని 15 సెం.మీ. ఎత్తుగా కట్టి, పెద్ద వర్షాలు తగ్గిన తరువాత మొక్కలను నాటడం మంచిది. తెలంగాణలో నైరుతి రుతుపవనాలు తిరోగమించిన వెంటనే పని మొదలుపెట్టవచ్చు.

పంటల విభజన

చలి అవసరాన్ని బట్టి కూరగాయలను స్థూలంగా నాలుగు విధాలుగా విభజించవచ్చు.

1. ఎక్కువ చలిని కోరేవి: బఠానీ, ఆలస్యపు రకం కాలీఫ్లవర్, కసూరి మెంతి. ఇవి ఉత్తర తెలంగాణకు, ఏజెన్సీ కొండ ప్రాంతాలకు అనుకూలం. కోస్తా మైదానాలలో దిగుబడి నిరాశ కలిగించవచ్చు.

2. మితమైన చలి చాలేవి: క్యాబేజి, నూల్‌కోల్, క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి, ఫ్రెంచి చిక్కుడు, పాలకూర, మెంతికూర, కొత్తిమీర. టమాటాకు కూడా ఈ కాలంలో కాపు బాగా నిలుస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత 15 నుండి 20 డిగ్రీల మధ్య ఉన్నపుడు దాని పూత రాలకుండా పిందె కడుతుంది.

3. పగటి సమయం తగ్గితేనే పూసేవి: పందిరి చిక్కుడులోని నాటు రకాలు. వీటిని వానాకాలంలోనే విత్తినా, పగళ్ళు చిన్నవైన తరువాతనే పూత పడుతుంది. సంక్రాంతి నాటికి కాపు సమృద్ధిగా ఉంటుంది. రథసప్తమి నాడు చిక్కుడు కాయలతో రథం కట్టి, చిక్కుడు ఆకులలో పరమాన్నం నివేదించే ఆచారం ఈ కాపుకాలంలోనే వస్తుంది.

4. వెచ్చదనాన్ని కోరేవి: బెండ, కాకర, పొట్ల, దోస. తీవ్రమైన చలిలో వీటి విత్తనాలు మొలవడానికి ఆలస్యమవుతుంది, ఎదుగుదల మందగిస్తుంది. చలి ఎక్కువగా ఉన్న చోట వీటిని జనవరి చివర వరకు ఆపి, వేసవి పంటగా వేయడం మేలు.

రకం ప్రాముఖ్యత: కాలీఫ్లవర్ ఉదాహరణ

కాలీఫ్లవర్ 1822లో ఇంగ్లండు నుండి సహారన్‌పూర్‌కు తేబడినది. తరువాతి కాలంలో భారతీయ మైదానాల వేడిని తట్టుకొనే రకాలు ఏర్పడ్డాయి. వీటిలో పువ్వు కట్టడానికి కావలసిన ఉష్ణోగ్రత రకాన్ని బట్టి మారుతుంది. పూసా కాత్కి, పూసా దీపాలి వంటి ముందస్తు రకాలు 20 నుండి 27 డిగ్రీల వద్ద పువ్వు కడతాయి. స్నోబాల్ వర్గానికి చెందిన ఆలస్యపు రకాలకు 10 నుండి 16 డిగ్రీల చలి కావాలి.

ముందస్తు రకాన్ని ఆలస్యంగా వేస్తే, మొక్క చిన్నదిగా ఉండగానే చలి తగిలి బొత్తాము వంటి చిన్న పువ్వు వస్తుంది. ఆలస్యపు రకాన్ని తొందరపడి వేస్తే ఆకులు మాత్రమే పెరుగుతూ పోతాయి. ముదురు నారు నాటినా, నత్రజని చాలకపోయినా కూడా పువ్వు చిన్నదిగా వస్తుంది. కావున దుకాణంలో కాలీఫ్లవర్ విత్తనమని మాత్రమే అడగక, అది ఏ కాలపు రకమో తెలుసుకొని కొనాలి. మైదాన ప్రాంతాల పెరటి తోటలకు ముందస్తు రకాలు సురక్షితమైనవి.

రకాల పేర్లలో పూసా అని ఉంటే అవి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించినవి. అర్క అని ఉంటే బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థవి. ఫ్రెంచి చిక్కుడులో అర్క కోమల్ పేరొందిన రకం. చిక్కుడులో అర్క జయ్, అర్క విజయ్ పొట్టి రకాలు, పగటి నిడివితో పని లేకుండా కాస్తాయి.

క్యారెట్‌లో నాంటిస్ వంటి నారింజ రంగు ఐరోపా రకాలు, ఎర్రని ఆసియా రకాలు ఉన్నాయి. గడ్డకు మంచి రంగు రావడానికి 15 నుండి 20 డిగ్రీలు అనుకూలం. ముల్లంగిలో పూసా చేత్కి వేడిని తట్టుకుంటుంది. జపనీస్ వైట్ చలి రోజులకు తగినది. ఉల్లిలో తక్కువ పగటి సమయంలో గడ్డ కట్టే రకాలే మన మైదానాలకు పనికివస్తాయి. శీతల దేశాలలో వాడే దీర్ఘ దినపు రకాలు ఇక్కడ సరిగా గడ్డ కట్టవు.

విత్తడం, నాటడం

క్యాబేజి, కాలీఫ్లవర్, టమాటాలను నారు పోసి, 25 నుండి 30 రోజుల మొక్కలను నాటుతారు. మొక్కల మధ్య సుమారు 45 సెం.మీ. దూరం ఉండాలి. క్యారెట్, ముల్లంగి వంటి దుంపలను నేరుగా విత్తాలి. పీకి నాటినా, నేలలో రాళ్ళు ఉన్నా దుంప చీలి వంకరపోతుంది. బీట్‌రూట్ విత్తనంగా కనిపించేది నిజానికి కొన్ని గింజల గుత్తి. అందువలన ఒకే చోట మొలిచిన మొక్కలలో ఒకదానిని ఉంచి మిగిలినవి తీసివేయాలి. ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి చల్లాలి.

స్థలం తక్కువగా ఉన్నవారు పంట వ్యవధిని కూడా చూసుకోవాలి. మెంతికూర సుమారు 25 నుండి 30 రోజులలో, ముల్లంగి 40 నుండి 50 రోజులలో, నూల్‌కోల్ 50 నుండి 60 రోజులలో కోతకు వస్తాయి. క్యాబేజి నాటిన తరువాత రెండు నెలలకు పైగా మడిలోనే ఉంటుంది. ఆకుకూరలను, ముల్లంగిని ఒకేసారి కాక, పదిహేను రోజుల వ్యవధితో విడతలుగా విత్తితే ఇంటి అవసరానికి ఎల్లప్పుడూ లేతవి లభిస్తాయి.

చీడపీడలు

క్యాబేజి, కాలీఫ్లవర్‌లను డైమండ్ బ్యాక్ మాత్ అనే పురుగు ఎక్కువగా ఆశిస్తుంది. ఈ పురుగు ఆవ మొక్కలపై గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. కావున పొలాలలో 25 వరుసల క్యాబేజికి 2 వరుసల ఆవ మొక్కలను ఎర పంటగా వేస్తారు. పెరటిలో మడి అంచున కొన్ని ఆవ మొక్కలు పెంచవచ్చు. పేనుబంక కనిపించినపుడు 5 శాతం వేపగింజల కషాయాన్ని పిచికారీ చేస్తారు.

విత్తనాల సేకరణ

క్యాబేజి, ఆలస్యపు కాలీఫ్లవర్, ఐరోపా క్యారెట్ మొక్కలు పూసి విత్తనం కట్టాలంటే చాలా వారాల తీవ్రమైన చలి అవసరం. అందువలన వీటి విత్తనాలను హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయ వంటి చోట్ల ఉత్పత్తి చేస్తారు. మైదానాలలో వీటిని ఏటా కొనవలసిందే. నాటు చిక్కుడు, మెంతులు, ధనియాలు, పాలకూర విత్తనాలను మాత్రం ఇంటిలోనే కట్టుకోవచ్చు. సంకర జాతి విత్తనాల నుండి తీసినవి తల్లి మొక్క లక్షణాలను నిలుపుకోవు. తొలిసారి తోట వేసేవారు మెంతి, పాలకూర, ముల్లంగి, చిక్కుడులతో ఆరంభించి, తమ ఊరి చలిని ఒక సంవత్సరం గమనించిన తరువాత క్యాబేజి, కాలీఫ్లవర్‌లను చేర్చుకోవడం శ్రేయస్కరం.