సర్వర్లకును నిల్వపెట్టెకును నడుమ ఈథర్నెట్ మార్గము

విద్యార్థుల మార్కుల పట్టికలు, ప్రవేశపు రిజిస్టరులు, ఫీజుల లెక్కలు ఒకప్పుడు బీరువాలలో నుండెడివి. నేడవి చాలవఱకు కంప్యూటరులలో నున్నవి. బీరువా యెక్కడ నున్నదో అందఱికిని కనబడును. కంప్యూటరులోని లెక్క యే పెట్టెలో, ఏ తీగ చివర నున్నదో పలువురకు తెలియదు. ఆ సంగతినే యిచట వివరింప బూనితిమి.

ఒక సర్వరును ఒక్క పనికే వినియోగించినచో దాని శక్తిలో పెక్కుభాగము వృథయగును. అందుచేత హైపర్వైజర్ అను ప్రోగ్రామును దానిపై నుంచి, ఒక్క యంత్రమునే పది యంత్రములవలె నడపుదురు. ఇట్టి కల్పిత యంత్రమునకు వర్చువల్ మెషీను అని పేరు. ఈ విద్య క్రొత్తది కాదు. 1960వ దశకములోనే ఐ.బి.ఎం. వారు తమ పెద్ద యంత్రములపై దీనిని సాధించిరి. వర్చువల్ మెషీను యొక్క డిస్కు నిజమునకు ఒక పెద్ద ఫైలు మాత్రమే. ఆ ఫైలు సర్వరులోనే యున్నచో, సర్వరు చెడినప్పుడు అదియు చిక్కుపడును. దానిని నెట్‌వర్కునకు తగిలించిన వేఱొక నిల్వపెట్టెలో ఉంచినచో, ఒక సర్వరు ఆగినను రెండవది ఆ యంత్రమును తిరిగి లేపగలదు. ఈ పెట్టెనే నాస్ అందురు.

సర్వరు నాస్‌తో మాటలాడుటకు ముఖ్యముగా రెండు పద్ధతులు గలవు. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు వెలువరించిన ఎన్.ఎఫ్.ఎస్.లో ఫైళ్ల పెత్తనము నాస్‌దే. 2004లో ప్రమాణముగా ప్రకటింపబడిన ఐ-స్కజీలో నాస్ వట్టి పలకవంటి డిస్కును మాత్రమే యొసగును. రెండు సర్వర్లు పరస్పరము ఒప్పందము లేక ఒకే పలకమీద వ్రాసినచో రెండింటి వ్రాతయు చెడును. కావున అందుకు తగిన ఉమ్మడి ఫైల్ సిస్టమును దానిపై నుంచవలయును.

1973లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనాలయమున మెట్‌కాఫ్, బాగ్స్ అనువారు ఈథర్నెట్‌ను కల్పించినప్పుడు అందఱికిని ఒకే తీగ. ఇద్దఱొక్కసారి పలికినచో ఇద్దఱి మాటయు చెడిపోయెడిది. నేటి స్విచ్చి మన కాలువ లస్కరు వంటిది. ఏ తూము వెనుక ఏ చేను గలదో లస్కరెఱిగినట్లు, ఏ పోర్టు చివర ఏ యంత్రము గలదో స్విచ్చి కనిపెట్టి, ఆ వైపునకే ప్యాకెట్లను విడుచును. ఒక గిగాబిట్ తీగలో సెకండునకు 125 మెగాబైట్లకు మించి పోవు. రెండు తీగలను జతచేసినంతమాత్రమున వేగము రెట్టింపగునని పలువురు తలతురు, అది సరికాదు. ఒక్కొక్క సంభాషణ సాధారణముగా ఒక్కొక్క తీగనే పట్టుకొని పోవును. పెక్కు సంభాషణలున్నప్పుడే రెండు తీగలకును పని కలుగును.

పులిగడ్డ అక్విడక్టునకు అడ్డంకి కలిగినచో దిగువ చేలేమగునో దివిసీమవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఒకే స్విచ్చి గల ఏర్పాటును అట్టిదే. కావున రెండు స్విచ్చిలుండవలెను. ప్రతి సర్వరునుండియు, నాస్‌నుండియు రెంటికిని చెఱియొక తీగ పోవలెను. ఈ మార్గమున సమాచారము సాధారణముగా మఱుగులేక పోవును గనుక, విద్యార్థులు వాడు నెట్‌వర్కునుండి వీలాన్ అను విభజనచేత దీనిని వేఱుచేయుదురు.

ఇక మిక్కిలి సూక్ష్మమైన సంగతి యొకటి. తీగలు వలయముగా చుట్టుకొని ప్యాకెట్లు తిరుగాడకుండుటకై స్విచ్చిలు స్పానింగ్ ట్రీ అను నియమమును పాటించును. దాని పాతపద్ధతిలో క్రొత్తగా లేచిన పోర్టు 15 సెకండ్లు వినుచు, 15 సెకండ్లు నేర్చుకొనుచు నుండి, పిమ్మటనే ప్యాకెట్లను విడుచును. మొత్తము 30. లినక్స్‌లో డిస్కు జవాబునకై వేచియుండు గడువును సాధారణముగా 30 సెకండ్లే! గడువు మీఱినచో యంత్రము తన డిస్కు పాడైనదని తలచి, పెక్కుసారులు వ్రాయుట మాని చదువుటకు మాత్రమే యొప్పుకొనును. తీగ బాగుపడినను యంత్రము తనంతట బాగుపడదు. అందుచేత సర్వర్ల పోర్టులు అంచు పోర్టులని స్విచ్చికి తెలుపవలెను. డిస్కు గడువునుగూడ పెంచుదురు. సర్వరునకు, నాస్‌కు యూపీయస్ నమర్చి, స్విచ్చిని మాత్రము గోడ ప్లగ్గునకు తగిలించువారు గలరు. కరెంటు పోగానే రెండు పెట్టెలును మెలకువగానే యుండి ఒకదాని నొకటి కానలేవు.

ఈథర్నెట్ ఫ్రేములో సాధారణముగా 1500 బైట్లు పట్టును, పెద్దఫ్రేములలో 9000. దీనిని సర్వరు, స్విచ్చి, నాస్ మూడింటను ఏర్పఱచవలెను. ఒకచోట మఱచినచో చిన్న పలకరింపులు సరిగానే పోయి, పెద్ద ఫైలువద్ద అంతయు నిలిచిపోవును. ముక్కలు చేయవద్దను ఆజ్ఞతో 8972 బైట్ల పింగ్‌ను పంపినచో, శీర్షికల 28 బైట్లు చేరి సరిగా 9000 అగును. జవాబు వచ్చెనా, మార్గము సరియే.

నాస్‌లో ఒక డిస్కు చెడినను మిగిలినవి లెక్కను కాపాడునట్లు అమర్చవచ్చును. కాని 1864 నవంబరు 1 నాటి ఉప్పెన బందరును ముంచెను. 1977 నవంబరు 19 నాటిది దివిసీమలో వేలమందిని బలిగొనెను. అట్టి నీటికి ఒక డిస్కేమి, పది డిస్కులేమి? నాస్‌ను పై అంతస్తున నుంచి, దానిలోని సర్వమునకు ఒక ప్రతిని సముద్రమునకు దూరమైన వేఱొక యూర నుంచవలయును.

ఏర్పాటు ముగిసిన పిమ్మట, పరీక్షల దినములు రాకమునుపే, ఒక సెలవునాడు ఒక వర్చువల్ మెషీనులో ఫైలు వ్రాయుచుండగానే మొదటి స్విచ్చిని ఆపి చూడవలెను. అది మరల లేచి, దాని దారులన్నియు తిరిగి పనిచేయుచున్నవని యెఱిగిన తరువాత రెండవదానిని ఆపవలెను. రెండుసారులును వ్రాత కొన్ని సెకండ్లు నిలిచి, తిరిగి తనంతట సాగవలయును.